రెండో తరగతి గదిలోకి గాలి

నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది మా తులసి బడిలో వేడికి పడిపోతుందేమోనని. పాముకి భయపడతాను, గోదారి వరదకి భయపడతాను, కువైట్ నుంచి వేళ కాని వేళ ఫోను మోగితే భయపడతాను. అవన్నీ వచ్చిపోయే భయాలు. తులసి గురించిన భయం మాత్రం పొద్దున్న దాని జడ వేసేటప్పుడు మొదలై, సాయంత్రం అది ఇంటికొచ్చి పుస్తకాల సంచీ అరుగు మీద విసిరేస్తే గానీ తగ్గదు.

దానికి ఏడేళ్ళు. రెండో తరగతి. వేడి అస్సలు పడదు. పోయినేడాది, బడి తెరిచిన కొత్తలో, ఎక్కం అప్పజెబుతూ చెబుతూ బల్ల మీదకి ఒరిగిపోయిందట. అమలాపురం ఆసుపత్రిలో డాక్టరుగారు చూసి, "పెద్ద జబ్బేం కాదమ్మా, వయసు పెరిగేకొద్దీ సర్దుకుంటుంది. అప్పటిదాకా చల్లగా ఉండే చోట ఉంచండి" అన్నారు. కోనసీమలో, జూన్ నెలలో, చల్లగా ఉండే చోటంటే కాలవ ఒక్కటే. పిల్లని కాలవలో ఉంచి చదివించలేను కదా.

మా అత్తగారు వరహాలమ్మగారు ఆ రోజే తేల్చి చెప్పేశారు. "ఇంకోసారి ఇలాగైతే బడీ వద్దు, గిడీ వద్దు. ఆ ఏడాదికి మానిపించేసి పై ఏడాది చూద్దాం."

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా నాన్నగారు కూడా సరిగ్గా ఈ మాటే అన్నారు. ఆ పై ఏడాది ఎప్పుడొస్తుందోనని పెళ్ళిలో కూడా ఎదురుచూశాను.

మా ఆయన కువైట్‌లో డ్రైవరు. అక్కడ మనకంటే ఎక్కువ ఎండ కాస్తుంది గానీ, ఆయన గదిలో ఏసీ, కారులో ఏసీ, కారు దిగి వెళ్ళే కొట్టులో ఏసీ. అందుకని ఆయనకి అన్నిటికీ ఒకటే మందు. "బడికి ఒక ఏసీ కొనిచ్చేద్దామే" అన్నారు ఫోనులో. మా వీధిలో ఇద్దరు ఒకేసారి మోటార్లు వేస్తే బల్బు నారింజ పండులా అయిపోతుంది. ఏసీ పెడితే తులసి ఒక్కతే కాదు, ఊరు ఊరంతా ఉక్కపోతకి పడిపోతుంది.

ఇలా ఉండగా వేసవి సెలవుల్లో ఒక సంస్థవాళ్ళు మా బడికి వచ్చారు. పాత బడి గదుల్ని ఏసీలూ కూలర్లూ లేకుండానే చల్లగా, కరెంటు తక్కువ కాలేలా మార్చి ఇస్తారట. మా బడిలో రెండో తరగతి గదిని ఎంచుకున్నారు. బడి మొత్తంలో బాగా కాలిపోయే గది అదేనని వాళ్ళ పరికరాలు చెప్పాయి. పరికరాలు లేకుండానే మా తులసి ఆ సంగతి చెప్పేది.

పని చేయించడానికి వచ్చిన ఇంజనీరమ్మ పేరు శ్రీవాణి. నా ఈడుదే. ప్యాంటూ చొక్కా వేసుకుని శ్లాబు మీద తిరుగుతుంటే మా వాళ్ళు కింద నిలబడి పైకి చూస్తూ ఉండేవారు. ఆవిడ చేయించిన పనులు చూడ్డానికి చిన్నవే. శ్లాబు మీద వేడిని వెనక్కి కొట్టే తెల్లపూత వేయించింది. పడమర గోడకి జానెడు ఎడంగా తడికలు కట్టించింది, ఎండ గోడని తాకకుండా. దక్షిణం గోడకి మోకాలెత్తులో, గది పొడుగునా కంతలు పెట్టించి, పాములూ ఎలకలూ రాకుండా ఇనుప వల బిగించింది. వాటి మీద నీడ పడేలా సన్‌షేడ్ బాగా ముందుకి పొడిగించింది. ఉత్తరం గోడకి మాత్రం కంతలు పైన, శ్లాబు కిందుగా.

"చల్లగాలి దక్షిణం నుంచి కింద కంతల్లో దూరుతుందండీ. గదిలో వేడెక్కిన గాలి తేలికై పైకి లేచి ఉత్తరం కంతల్లోంచి పోతుంది. అంతే" అంది నాతో. వేడిగాలి తేలికని మాకు ఎనిమిదో తరగతిలో చెప్పారు. అది పరీక్షకి తప్ప గదికి పనికొస్తుందని ఎవరూ చెప్పలేదు.

బడి కమిటీ ఛైర్మన్ కుమారస్వామిగారు. కొబ్బరి వ్యాపారం. ఆయనకి కంతలు నచ్చలేదు.

"పావురాలకి గూళ్ళు కట్టినట్టు ఇవేంటండీ అమ్మాయిగారూ? సిద్ధాంతిగారు వచ్చి చూసేరండి. దక్షిణం బరువుండాలి, ఉత్తరం తేలిగ్గుండాలి అన్నారు. మీరేమో దక్షిణాన్ని తూట్లు పొడిచేసేరు."

"గాలి దక్షిణం నుంచే వస్తుందండీ. సముద్రం అటే ఉంది కదా. సముద్రాన్ని ఉత్తరానికి మార్చలేం."

కుమారస్వామిగారు ఒకసారి దక్షిణానికి తిరిగి చూశారు. "ఆయ్. అదీ నిజమేనండి" అన్నారు. కుదిరితే మార్పించి ఉండేవాడినే అన్న దిగులు ఆయన గొంతులో వినపడింది.

బడి తెరిచిన రోజున గది ప్రారంభం పెట్టారు. బయట షామియానా, కుర్చీలు, పెద్ద పెద్ద ఫ్యాన్లు, దండలు. రెండో తరగతి పిల్లల్ని గదిలో కూర్చోబెట్టారు, పెద్దలొచ్చాక పాట పాడాలని. పెద్దలొచ్చారు. కరెంటు పోయింది. షామియానా కింద అందరూ కరపత్రాలతో విసురుకుంటుంటే, దండ వేయించుకున్నాయన ఒకరు చెమట తుడుచుకుంటూ గదిలోకి తొంగి చూశారు. చూసి, లోపలికి వెళ్ళారు. వెళ్ళినాయన తిరిగి రాలేదు. తర్వాత ఒక్కొక్కరే లోపలికి వెళ్ళిపోయారు.

"ఏసీ ఎక్కడ పెట్టేరండీ, కనపడదే?" అంటున్నారు లోపల ఎవరో.

"లేదండి. అదేనండి ఇందులో విశేషం" అన్నారు కుమారస్వామిగారు, గది తానే కనిపెట్టినంత వినయంగా.

గది సరిపోలేదు. "పిల్లలు కాసేపు బయట ఆడుకోండమ్మా" అన్నారు. బడిపిల్లల ఆరోగ్యానికి చల్లటి గదులు ఎంత అవసరమో లోపల నలుగురు మాట్లాడారు. పిల్లలు షామియానా కింద నిలబడి చప్పట్లు కొట్టారు. నేను తులసిని పక్కకి లాక్కుని ఆ కార్యక్రమం కరపత్రంతోనే అయ్యేదాకా విసిరాను.

ఆ మర్నాటి నుంచి మాత్రం నిజంగా బాగుంది. ఒట్టు పెట్టి చెబుతున్నాను, గదిలోకి అడుగు పెడితే మడమల దగ్గర చల్లగా తగిలేది. తులసి ఇంటికొచ్చి, "అమ్మా, ఇవాళ నాకు చెమటే పట్టలేదు తెలుసా" అని మెడ చూపించేది. నేను మెడ తడిమి చూసి కూడా నమ్మేదాన్ని కాదు. ఇంత మంచి మాకెందుకు జరుగుతుందని భయం.

భయపడ్డట్టే అయింది. వారం తిరిగేసరికి గది పాత గదైపోయింది. తులసి మెడ మళ్ళీ తడి. బుగ్గలు ఎర్రగా. ఊళ్ళో తలో మాటా అన్నారు.

"కొత్తలో అన్నీ అంతేలే రమణీ. మా కొత్త ఫ్రిజ్జు కూడా మొదట్లో నీళ్ళు గడ్డకట్టించేసేది" అంది మా పక్కింటి శాంతి. దాని కొడుకూ రెండో తరగతే.

"అందులో గ్యాసు అయిపోయుంటది. నింపించాలి" అన్నారు మా అత్తగారు.

"గదిలో గ్యాసేంటి అత్తయ్యా?"

"మరి దేనికి చల్లబడిందే అది, ఊరికే చల్లబడిందా?"

నేను ఇంజనీరమ్మకి ఫోను చేశాను. ఇంగ్లీషులో మాట్లాడుతుందేమోనని ముందు శాంతిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. శాంతి నాకంటే ఒక క్లాసు ఎక్కువ చదివింది. ఇంజనీరమ్మ తెలుగులోనే మాట్లాడింది.

"కంతలు మూసేశారా అండీ?"

"లేదండి."

"తడికలు ఉన్నాయా?"

"ఉన్నాయండి."

"శ్లాబు తెల్లగానే ఉందా? మట్టి పట్టిందేమో చూశారా?"

"ఏమోనండి, శ్లాబు కనపడట్లేదు కదండీ. కొబ్బరి ఆరబోసి ఉంది."

"శ్లాబు మీదా?" అంది ఆవిడ.

మీకు చెప్పాలి. కోనసీమలో ఎండకి కొదవలేదు గానీ, చెట్టు నీడ పడని చోటు దొరకడం కష్టం. ఎటు చూసినా కొబ్బరిచెట్టే, ఏ పెరటి మీదైనా మట్టల నీడే. మా ఊళ్ళో నీడ పడని పెద్ద శ్లాబు బడిదొక్కటే. అందుకని కొబ్బరి చిప్పలు అక్కడ ఎండబెట్టుకోవడం అందరికీ అలవాటు. ప్రారంభం రోజున మర్యాదకి దింపారు, అయిపోగానే మళ్ళీ ఎక్కించారు. కానీ తెల్లపూత వేసిన దగ్గర్నుంచీ చిప్పలు వెనకటంత తొందరగా ఎండట్లేదు. "శ్లాబు చచ్చిపోయిందే" అని మా అత్తగారు రోజూ వాపోయేవారు. దానికి కుమారస్వామిగారే విరుగుడు చెప్పారట. శ్లాబంతా నల్ల బరకాలు పరిచి, వాటి మీద ఆరబోయమని. ధాన్యం మీద కప్పుకునే బరకాలు అందరిళ్ళలోనూ ఉన్నాయి. "నలుపు ఎండని లాగుద్దండి" అన్నారట ఆయన. లాగింది. లాగిన వేడి ఎక్కడికి పోవాలి? శ్లాబు కింద మా తులసి తల ఉంది.

"ఆ బరకాలు తీయిస్తే గాని గది చల్లబడదండీ" అంది శ్రీవాణి, నేను చెప్పినదంతా విని.

తీయించాలి. నేను ముందు నిజమే చెప్పాను. కుమారస్వామిగారి కొట్టుకి వెళ్ళి, "పిల్లలకి వేడెక్కిపోతోందండి" అన్నాను. "మరేనండి, ఈ ఏడాది ఎండలలా ఉన్నాయి" అన్నారు. మా అత్తగారితో అన్నాను. "అయితే పిల్లని మానిపించు. కొబ్బరిని మానిపించమంటావేంటి?" అన్నారు. మంచినీళ్ళ కుళాయి దగ్గర అన్నాను. అందరూ అయ్యో అన్నారు. అయ్యో అన్నవాళ్ళందరి చిప్పలూ ఆ శ్లాబు మీదే ఉన్నాయి.

ఆ సాయంత్రం బియ్యం ఏరుతూ మా అత్తగారితో మెల్లిగా అన్నాను. "ఇంజనీరమ్మ ఫోనులో ఇంకో మాట అందత్తయ్యా. ఆ తెల్లమందు ఆవిరి తగిలితే కొబ్బరిలో నూనె తగ్గుతుందట."

ఆవిడ చేతిలో చేట ఆగిపోయింది. "ఎవరూ? ఆ ప్యాంటమ్మాయే చెప్పిందా?"

"ఆయ్."

దీపాలు పెట్టే వేళకి శ్లాబు మీద ఒక్క చిప్ప లేదు. కుమారస్వామిగారి మనుషులు పరుగెట్టి దింపుకున్నారు. నిచ్చెన దగ్గర తోపులాట కూడా జరిగింది. పిల్ల పడిపోతుందంటే కదలని ఊరు, నూనె తగ్గుతుందంటే చీకటి పడకుండా కదిలింది. నేను అబద్ధం ఆడానని మీరు అనుకోవచ్చు. ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది.

గది మళ్ళీ చల్లబడింది, సగం. పొద్దుటిపూట బాగానే ఉండేది. భోజనాల బెల్లు దాటాక, అసలు సముద్రపు గాలి తిరిగే వేళకి, లోపల ఉక్క మొదలయ్యేది. గాలి తిరిగిందని బయట చెట్లన్నీ చెబుతున్నాయి. గదిలో కాగితం కదలదు.

కదలదని నాకెలా తెలుసంటే, నేనక్కడే ఉండేదాన్ని కాబట్టి. కొబ్బరి దింపించిన మర్నాటి నుంచీ, పొద్దున్న వంట ముగించుకుని, మజ్జిగ సీసా పట్టుకుని వెళ్ళి, దక్షిణం కంతల దగ్గర కూర్చునేదాన్ని. అక్కడినుంచి తులసి సరిగ్గా కనపడుతుంది. గంటకోసారి మెల్లిగా, "తులసీ, నీళ్ళు తాగేవా?" అనేదాన్ని. నన్ను చూసి శాంతి వచ్చింది. "నువ్వొక్కదానివీ ఏం కూర్చుంటావ్ లే" అంది. శాంతిని చూసి మిగతా తల్లులు వచ్చారు. సన్‌షేడ్ కింద నీడ, ఎదురుగా చేలమీద నుంచి నేరుగా గాలి. ఊళ్ళో అంత సుఖమైన చోటు ఇంకోటి లేదు. మునగాకు దూసుకునేవాళ్ళు దూసుకున్నారు, చంటిపిల్లలకి పాలిచ్చేవాళ్ళు ఇచ్చుకున్నారు. వీపులు గోడకి ఆనించి వరసగా కూర్చునేవాళ్ళం.

ఉమాదేవి టీచరుగారు ఒకటి రెండుసార్లు చెప్పి చూశారు. "అమ్మా, మీరిలా కనపడుతుంటే పిల్లల చూపు పలక మీద ఉండట్లేదండీ."

మేం సిగ్గుపడ్డాం. పిల్లలకి కనపడకుండా ఉండాలని, పీటలు తీసేసి ఇంకా కిందకి జరిగి కూర్చున్నాం.

కుమారస్వామిగారికి మాత్రం మేం కూర్చోవడం ఎంతో నచ్చింది. అటుగా పోతూ సైకిలు ఆపి, మమ్మల్ని ఆ చివర నుంచి ఈ చివరకి చూసి, "బాగుందమ్మా. సిద్ధాంతిగారు చెప్పిన బరువు ఇన్నాళ్ళకి కుదిరింది" అన్నారు.

"మమ్మల్నేనా బరువంటున్నారు బాబాయిగారూ?" అంది శాంతి.

"తప్పుగా అనుకోకమ్మా. శాస్త్రం."

ఒక మంగళవారం మధ్యాహ్నం నేను కంతలోంచి చూస్తుండగానే తులసి తల వాలిపోయింది. పూర్తిగా పడలేదు. బల్లకి గడ్డం ఆనించి, కళ్ళు సగం మూసింది. బుగ్గలు మందారాల్లా ఉన్నాయి. నేను కేక పెట్టాను. టీచరుగారు దాన్ని ఎత్తుకుని ఉత్తరం వరండాలోకి తీసుకెళ్ళి పడుకోబెట్టారు. తడిగుడ్డ వేశారు. కాసేపటికి లేచి కూర్చుని మజ్జిగ తాగింది. "నేను పడిపోలేదమ్మా, ఊరికే పడుకున్నాను" అంది. దానికి కూడా తెలుసు, పడిపోతే ఏమవుతుందో.

మేం ఇల్లు చేరేసరికి కబురు మాకంటే ముందే చేరింది. మా అత్తగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"అయిందా? చూసుకున్నావా? రేపట్నించీ పంపక."

"పడిపోలేదత్తయ్యా..."

"పడిపోయేదాకా చూత్తావా? నాకేం పగా దాని మీద? నా కొడుకు కూతురే అది. ఈ ఏడాదికి మానిపించేయ్."

నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "రేపు ఇంజనీరమ్మని రమ్మంటానత్తయ్యా. ఆవిడ వచ్చి చూసి ఏం లాభం లేదంటే మీరు చెప్పినట్టే మానిపిస్తాను. రేపొక్కరోజు."

ఆవిడ తులసి నుదురు మీద చెయ్యి వేసి చూశారు. "రేపొక్కరోజు. నేనూ వత్తాను. నా కళ్ళతో చూత్తాను."

శ్రీవాణి మర్నాడు మధ్యాహ్నానికి వచ్చింది. అప్పటికి మా అత్తగారు సన్‌షేడ్ కింద కూర్చుని ఉన్నారు. నేను వెళ్ళి కూర్చునే చోటే ఖాళీ చేయించుకుని, తల తిప్పితే మనవరాలు బాగా కనపడేలా కంతకి అడ్డంగా బాసింపట్టు వేసుకున్నారు. ఆవిడ పక్కన నేను, నా పక్కన శాంతి, తర్వాత అందరూ. ఏం జరుగుతుందోనని ఆ రోజు రానివాళ్ళు కూడా వచ్చారు.

శ్రీవాణి గదిలో పైనా కిందా చూసింది. శ్లాబు చూసొచ్చింది. వెనకాలే కుమారస్వామిగారు.

"మీరు చెప్పినట్టే కొబ్బరి దింపించేసేనండి. నూనె తగ్గిపోద్దన్నారంట కదా."

శ్రీవాణి ఆయన్ని చూసింది. తర్వాత వలలోంచి నన్ను చూసింది. నేను దగ్గాను.

"అవునండీ" అంది ఆవిడ. "బాగా తగ్గుతుంది."

తర్వాత సంచీలోంచి అగరొత్తుల పొట్లం తీసి, ఒకటి వెలిగించి, గది మధ్యలో కిందగా పట్టుకుంది. కుమారస్వామిగారు గబగబా చెప్పులు గుమ్మం బయట విడిచి, చేతులు జోడించారు.

"కొబ్బరికాయ తెప్పించమన్నారా అండీ?"

"పూజ కాదండీ. గాలి ఎటు పోతోందో చూస్తున్నాను."

"మరి గాలంటే వాయుదేవుడే కదండీ."

పొగ తాడు కట్టినట్టు నిట్టనిలువుగా లేచింది. పిల్లలందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. శ్రీవాణి దక్షిణం గోడ దగ్గరికి వచ్చి కంతల ముందు పట్టుకుంది. అక్కడా అంతే. ఆవిడ వంగి కంతలోంచి బయటికి చూడబోయింది. చేల బదులు మా అత్తగారి జాకెట్టు వీపు కనపడినట్టుంది. అగరొత్తి టీచరుగారి చేతికిచ్చి, గది చుట్టూ తిరిగి మా ముందుకొచ్చి నిలబడింది. మమ్మల్ని వరసగా చూసింది.

"అమ్మా, అందరూ ఒక్కసారి లేచి పక్కకి రండి."

పామనుకున్నాం. చంటిపిల్లలతో సహా ఎగిరి అవతల పడ్డాం.

లోపలినుంచి తులసి గొంతు వినపడింది. "అమ్మా! పొగ వంగిపోయింది!"

పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను వెళ్ళి గుమ్మంలోంచి చూశాను. పొగ ఉత్తరం వైపు వాలి, పైకి పాకి, శ్లాబు కింద కంతల్లోంచి బయటికి పోతోంది. గోడకున్న అక్షరాల బొమ్మలు రెపరెపలాడుతున్నాయి.

మా అత్తగారు ఒప్పుకోలేదు. "ఏంటీ, మేం కూర్చుంటే గాలి రాదా? గాలిని మేం తాగేత్తన్నామా?"

"తాగట్లేదండీ, ఆపేస్తున్నారు" అన్నారు ఉమాదేవి టీచరుగారు.

"అయితే మళ్ళీ కూర్చోండే, చూద్దాం."

కూర్చున్నాం. పొగ లేచి నిలబడింది. లేచాం. పొగ వంగింది. మా అత్తగారికి అదీ చాల్లేదు. తనే గదిలోకి వెళ్ళి, తులసి పక్కన బల్ల మీద ఇరుక్కుని, మొహం దక్షిణానికి పెట్టి కూర్చున్నారు.

"రమణీ! నువ్వు ఒక్కదానివే కూర్చో."

నేను వెళ్ళి కంత ముందు కూర్చున్నాను.

"లెగు."

లేచాను.

"కూర్చో."

కూర్చున్నాను. నా వెనకాల, వల అవతల, బల్ల కిర్రుమంది. తర్వాత ఆవిడ అన్నారు, నెమ్మదిగానే అన్నారు గానీ గదంతా నిశ్శబ్దంగా ఉండడంతో అందరికీ వినపడింది.

"ఈ పిల్లని మానిపించక్కర్లేదు. దీని అమ్మని మానిపిత్తే చాలు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాను. దేనికో నాకు సరిగ్గా తెలీదు. పిల్ల చదువు నిలిచింది కదా, అదే అనుకోండి.

కుమారస్వామిగారు మాత్రం దిగులుపడ్డారు. "మరి దక్షిణం బరువు సంగతేంటండీ?" శ్రీవాణి ఆయన్ని బతిమాలి, బరువు నైరుతి మూల పెట్టుకోమంది. ఆయనింట్లో వాడని రుబ్బురోలు తెప్పించి ఆ మూలన పెట్టించారు. అక్కడ కంతలు లేవు, అది ఎవరినీ ఏమీ అనదు. సన్‌షేడ్ కింద తాడు కట్టేశారు. బడి వేళల్లో తల్లులెవరూ అటు పోకూడదు. ముఖ్యంగా నేను. కాపలా మా అత్తగారే పెట్టుకున్నారు. నేను గుమ్మం దాటితే, "ఎక్కడికే?" అంటున్నారు.

అలా అయ్యాక ఇప్పటిదాకా తులసి బాగానే ఉందంటున్నారు. టీచరుగారు అంటున్నారు, శాంతి కొడుకు అంటున్నాడు, తులసి అంటోంది. అందరూ అంటున్నారు, నేను చూడలేదు. వానలు ఇంకా పడలేదు. మధ్యాహ్నం గాలి తిరిగినప్పుడల్లా మా పెరట్లో మట్టలు కదులుతాయి. అక్కడ సన్‌షేడ్ కింద ఎవరైనా కొత్తవాళ్ళు నీడ ఉంది కదా అని కూర్చున్నారేమో, మళ్ళీ ఎవరైనా బరకం పరిచారేమో అని నేను వంటింట్లో నిలబడి ఆలోచిస్తాను. వెళ్ళలేను. నేను వెళితేనే గాలి ఆగుతుందని తేల్చేశారు.

మీరెవరైనా మురమళ్ళ గుడిలో కల్యాణానికో ఇంకెక్కడికో వెళుతూ మా ఊరి మీదుగా పోతే, కాలవ వంతెన దిగగానే ఎడమచేతి వైపు తెల్లటి శ్లాబు బడి కనపడుతుంది. మధ్యాహ్నం భోజనాల బెల్లు దాటాక ఒక్కసారి ఆగండి. దక్షిణం వైపు వెళ్ళకండి, మీ వీపు కూడా మా వీపులాంటిదే. ఉత్తరం వరండా ఎక్కి, గుమ్మం పక్కనుంచి తొంగి చూడండి. రెండో వరసలో గోడ వైపు, రెండు జడలు, ఎడమ కనుబొమ్మ మీద చిన్న మచ్చ. మా తులసి. దాని బుగ్గలు ఏ రంగులో ఉన్నాయో చూసి, దాన్ని పలకరించకుండా వచ్చి నాకు చెప్పండి.